టీచరమ్మ కారుకు రెండంగుళాలు

కారును నేలకు దించి తిప్పడం మీద మోజున్న కుర్రకారుకు ముందే ఒక మాట చెప్పేస్తాను. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసినంత కాలం నేను మీకు శత్రువునే. ప్రొద్దుటూరులో ఉన్నప్పుడు, స్ప్రింగులు కోయించుకుని పొట్ట నేలకు రాసుకుంటూ తిరిగే కార్లను పట్టుకోవడంలో నాకు మంచి పేరుండేది. మంచి పేరని నేను అనుకునేవాణ్ణి. ఆఫీసు బయట టీకొట్టు దగ్గర నన్ను ఏమని పిలుచుకునేవాళ్ళో రిటైరయ్యాక తెలిసింది. అది ఇక్కడ రాయదగ్గ మాట కాదు.

అలాంటి నేను ఒక కారును దించడానికి దగ్గరుండి అనుమతి ఇచ్చాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో గర్వంగా చెప్పుకునే పని ఏదని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. అయితే ఆ గర్వంలో నా వాటా చాలా తక్కువ. ఎక్కువ వాటా ఒక మేస్త్రీది, ఒక టీచరమ్మది.

ముందు మేస్త్రీ సంగతి. ప్రొద్దుటూరులో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. అందరం భాయ్ అనే పిలిచేవాళ్ళం. తండ్రి కాలంలో జీపులకూ లారీలకూ బరువు మోసే కమాన్ పట్టీలు కట్టిన కుటుంబం. ఈయన చేతికి వచ్చేసరికి అది కార్ల షాకబ్జర్లు, స్ప్రింగుల పని అయింది. నాకూ ఆయనకూ పాత పరిచయమే గానీ, చెప్పుకోదగ్గ పరిచయం కాదు. చాలా ఏళ్ళ కిందట ఒక కుర్రవాడి కారుకు స్ప్రింగులు రెండు చుట్లు కోసి ఇచ్చాడని, ఆయన షెడ్డు ముందే నిలబడి నలుగురూ వినేలా నానా మాటలన్నాను. ఆయన ఎదురు చెప్పలేదు. కోశాను సార్, తప్పే అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత ఆ షెడ్డు నుంచి కోసిన స్ప్రింగు ఒక్కటి కూడా బయటికి రాలేదు. ఎవరైనా వచ్చి దించమంటే, కోసిన స్ప్రింగు పొట్టిదైపోతుందని, గుంతలో చక్రం కిందికి వేలాడినప్పుడు తన చోటు నుంచి జారిపోతుందని, అది జారితే మలుపులో కారు ఎవరి మాటా వినదని విడమరిచి చెప్పి పంపించేవాడట. నేను తిట్టినందుకు మానేశాడని చాలా కాలం అనుకున్నాను. అది నా భ్రమ. తన తప్పు తనకు అర్థమై మానేశాడు. తిట్లకు భయపడి మానేసినవాళ్ళు నేను బదిలీ అయిన మర్నాడే మళ్ళీ మొదలుపెట్టడం నేను వేరే ఊళ్ళలో చూశాను.

నేను రిటైరవడానికి రెండేళ్ళు ఉందనగా, ఒక సోమవారం ఉదయం భాయ్ నా టేబుల్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. ఒక కారు ఎత్తు తగ్గించాలి, పని మొదలుపెట్టక ముందే అనుమతి కావాలి అన్నాడు. బండి మార్చేసి వచ్చి ఏడ్చినవాళ్ళను చూశాను. మార్చలేదని పిల్లల మీద ఒట్టేసినవాళ్ళను చూశాను. పెద్దవాళ్ళతో ఫోను చేయించినవాళ్ళకైతే లెక్కే లేదు. మార్చకముందే వచ్చి అడిగిన మనిషిని చూడటం మాత్రం అదే మొదలు. ఆ ఒక్క పనికే ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించాల్సింది. నేనేమో కవరు తెరవకుండానే, కంపెనీ ఇచ్చిన బండి ఎత్తు మార్చడానికి చట్టం ఒప్పుకోదు, వెళ్ళు భాయ్ అన్నాను.

ఆయన వెళ్ళలేదు. గొంతు కూడా పెంచలేదు.

"కాగితం సూడకుండా ల్యాదంటే ఆ తల్లికి నేనేం జెప్పాల సార్? సూసి ల్యాదనండి. పోతా."

అప్పుడు మా ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేది. ఇళ్ళల్లో సీరియళ్ళు చూసినంత శ్రద్ధగా ఆమె ప్రభుత్వ ఉత్తర్వులు చదివేది. తల ఎత్తకుండానే, వికలాంగులు నడిపే బండ్లకు వేరే దారి ఉంది సార్, ఆ సర్క్యులరు మీ టేబుల్ మీదే పెట్టాను అంది. వెతికితే దొరికింది. వారం రోజులుగా నేను దాని మీద టీ గ్లాసు పెడుతున్నాను. గుండ్రటి మరకల మధ్య నుంచి చదవాల్సి వచ్చింది.

చట్టం చెప్పేది నాకు అర్థమైనంతలో చెబుతాను. షోకు కోసం బండిని దించడానికి దారి లేదు. శరీరంలో లోపం ఉన్న మనిషి వాడుకోవడానికి తగ్గట్టు మార్చుకోవాలంటే మాత్రం ఉంది. ముందుగా రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి తీసుకోవాలి. పరీక్షలో నెగ్గినట్టు సర్టిఫికెట్ ఉన్న సామానే వాడాలి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. పని అయ్యాక ఇన్‌స్పెక్టరుకు చూపించి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఇదంతా మారుతూ ఉంటుంది కాబట్టి నా మాట పట్టుకుని పోకండి, మీ ఆఫీసులో అడిగి పోండి. అడిగేటప్పుడు టీ గ్లాసు లేని టేబుల్ చూసుకోండి.

కవరులోని కాగితాలు ఒక టీచరమ్మవి. జమ్మలమడుగు మనిషి. తాతల కాలం నుంచి మిషన్ బళ్ళలో చదువుకుని, ఆ బళ్ళలోనే చదువు చెప్పిన కుటుంబం. పసితనంలో పోలియో వచ్చి ఆమెకు రెండు కాళ్ళూ పోయాయి. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. బ్రేకూ యాక్సిలరేటరూ చేతితోనే వేసే అమరిక ఉన్న చిన్న ఆటోమేటిక్ కారు ఆమెకు అప్పటికే ఉంది, అది ఆర్సీలోనూ ఎక్కింది. చక్రాల కుర్చీని కారు తలుపు పక్కన ఆనించి, రెండు చేతుల మీద బరువు మోపి, ఒక్క ఊపులో సీట్లోకి వెళ్ళేది. తర్వాత కుర్చీని మడిచి, తన మీదుగా పక్క సీట్లోకి లాక్కునేది. చూస్తుండగానే తలుపు పడేది, కారు కదిలేది.

ఏళ్ళ తరబడి ఆ ఊపు వల్ల ఆమె కుడి భుజం అరిగిపోయింది. కారు సీటు ఆమె కుర్చీ కంటే మూడంగుళాలు ఎత్తు. రోజూ అంత ఎత్తుకు ఎగబాకితే కొన్నాళ్ళకు ఆ చెయ్యి కూడా లేవదని, తేడా అంగుళం వరకైతే ఫరవాలేదని డాక్టరు రాసిచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆమెకు పులివెందుల దాటి లింగాల దారిలో ఉన్న ఒక హైస్కూలుకు బదిలీ అయింది. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా రోజూ పోయి రావాలి. కారు లేకుండా అయ్యే పని కాదు.

అంతకంటే తక్కువ ఎత్తున్న కారు కొనుక్కోవచ్చు కదా అని మీరనుకోవచ్చు. ఇప్పుడొచ్చే కార్లు ఏటికేడు ఎత్తు పెరుగుతున్నాయి. అందుకని భాయ్ తెప్పించాలనుకున్నది ఎత్తు మార్చుకునే సస్పెన్షన్. అందులో షాకబ్జరు గొట్టం మీద మరలు ఉంటాయి. ఆ మరల మీద రెండు రింగులు తిరుగుతాయి. పై రింగు స్ప్రింగును మోస్తుంది, దాన్ని కిందికి తిప్పితే కారు దిగుతుంది. రెండో రింగు మొదటిదాన్ని కదలకుండా బిగించి పట్టుకుంటుంది. స్ప్రింగు ఆ షాకబ్జరు పొడవుకు తగ్గట్టు తయారైందే కాబట్టి, చక్రం గాల్లో వేలాడినా చోటు నుంచి జారదు. కోసిన స్ప్రింగుకూ దీనికీ ఉన్న తేడా ప్రాణమంత తేడా.

దరఖాస్తు మీద ఆమె వాంగ్మూలం తీసుకోవాలి. ఆఫీసు మెట్లెక్కలేదు కాబట్టి నేనే కారు దగ్గరికి వెళ్ళాను. ఎండలో నిలబడి, తెలివైన సలహా ఇస్తున్నానని అనుకుంటూ, ఇంత తతంగం ఎందుకమ్మా, ఎక్కించి దించడానికి ఒక మనిషిని పెట్టుకుంటే సరిపోతుంది కదా అన్నాను. ఆమె స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఈ కారొచ్చేదాకా నన్నందరూ ఎత్తుకున్నోళ్ళే సార్. బస్సులోకి ఎత్తినారు, చర్చిలోకి ఎత్తినారు, బడిలో బెంచీ మీదికి ఎత్తినారు. శానా మంచోళ్ళు. కానీ ఒక్కరన్నా నన్నడిగి ఎత్తలా. మల్ల ఆ కాలానికి నేను పోను. పోవాల్సొస్తే ఉద్యోగం ఇడ్సిపెడ్తా."

సంతకం చేయించుకుని లోపలికి వచ్చేశాను. అనుమతి కాగితం ఆ వారంలోనే తయారైంది. పని పూర్తయ్యాక రోడ్డు మీద నడిపి చూసి, నాకు నమ్మకం కుదిరితేనే ఆర్సీలో ఎక్కుతుంది. లేకపోతే పాత స్ప్రింగులు మళ్ళీ వేసుకోవాలి.

భాయ్ పని చేసే పద్ధతి చూడటానికి నేను సాకులు వెతుక్కుని షెడ్డుకు వెళ్ళేవాణ్ణి. షెడ్డులో ఒక మూల నాపరాళ్ళు పరిచి, నీళ్ళ గొట్టంతో మట్టం చూసి, వెంట్రుకవాసి తేడా లేకుండా చేసుకున్నాడు. ఆ బండల మీద నిలబెట్టి కొలిస్తేనే అది కారు ఎత్తు, మిగతాది నేల ఎత్తు అనేవాడు. ఆ పక్కనే గోడకు ఆనించి ఇంకొన్ని నాపరాళ్ళు ఉండేవి. ఒక్కొక్కదాన్ని కాటా మీద తూచి, ఎన్ని కేజీలో రంగుతో రాసి పెట్టాడు. మనుషులు ఎక్కినప్పుడు కారు ఎంత దిగుతుందో చూడాలంటే గోనెసంచి పరిచి సీట్లలో ఆ బండలు కూర్చోబెట్టేవాడు. మనుషులైతే కుదురుగా ఉండరు సార్, మాట్లాడతారు, ఫోను చూస్తారు, బండకు ఆ బాధ లేదు అనేవాడు. మా జిల్లాలో ఇల్లంతా ఆ రాయే. దాన్ని మనిషి బదులు సీట్లో కూర్చోబెట్టాలన్న ఆలోచన ఆయనకొక్కడికే వచ్చింది.

జాకీ మీద కారు లేపి కింద దూరే మేస్త్రీలను ఎంతోమందిని చూశాను. భాయ్ జాకీని నమ్మేవాడు కాదు. ఇనుప స్టాండ్లు వేసి, భుజంతో కారును గట్టిగా నెట్టి చూసి, అప్పుడు కిందికి పోయేవాడు. చివరి బోల్టులు కారు నేల మీద తన బరువు తాను మోస్తున్నప్పుడే బిగించేవాడు, గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు బుష్షులు మెలిపడి చిరుగుతాయని. స్టీరింగు ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి, బ్రేకు గొట్టాలు ఎక్కడా లాగుకోవడం లేదని వేలు పెట్టి తడిమేవాడు. ఎత్తు మారిన ప్రతిసారీ చక్రాల అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల వాలు మళ్ళీ సరిచేసేవాడు. ఎవరూ చూడని చోట కూడా అలాగే చేసేవాడని నాకు తెలుసు, ఎందుకంటే ఒకసారి చెప్పకుండా వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. ఇన్‌స్పెక్టరు బుద్ధి అంత తొందరగా పోదు.

బండలు పెట్టే రోజు ఆయన ఫోను చేశాడు. కారులో ఎంతమంది ఎక్కుతారు సార్ అని అడిగాడు. నేను దరఖాస్తు తీసి చూశాను. సొంత వాడకానికి అని రాసి ఉంది. ఒక మనిషి, ఒక కుర్చీ లెక్క వేసుకో అన్నాను. ఆమెనే అడగొచ్చు కదా అని ఆయనకు తోచలేదు, నాకూ తోచలేదు. పరాయి ఆడమనిషిని మీ బరువెంత, మీ కారులో ఎవరెవరు తిరుగుతారు అని అడగడం ఏం మర్యాద అని ఇద్దరం అనుకున్నాం. ఆయన బండలు పెట్టి, కొలిచి, కారును సరిగ్గా రెండంగుళాలు దించాడు.

రోడ్డు పరీక్ష రోజు జమ్మలమడుగులో ఎక్కాం. ఆమె నడుపుతోంది, పక్కన నేను, వెనక భాయ్. కుర్చీ డిక్కీలో. ముద్దనూరు దాటి పులివెందుల చేరేదాకా నేను పుస్తకంలో ఒక్క తప్పు కూడా రాయలేదు. సిమెంటు లారీల వెనక ఎంత దూరం ఉండాలో, గొర్రెల మంద అడ్డం వస్తే ఎక్కడ ఆగాలో ఆమెకు తెలిసినంతగా నేను లైసెన్సులిచ్చిన చాలామందికి తెలియదు. ఎత్తు తగ్గినా కారులో కుదుపు లేదు. భాయ్ వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నాను. చక్రాల చప్పుడు వింటున్నాడట.

పులివెందులలో బస్టాండు దగ్గర కారు ఆపింది. అక్కడ ముగ్గురు నిలబడి ఉన్నారు. ఇద్దరు ఆడ టీచర్లు, ఒక సైన్సు మాస్టారు. వాళ్ళదీ అదే స్కూలు. ఆమె ఆ స్కూల్లో చేరిన రోజు నుంచీ ముగ్గురూ ఆమె కారులోనే వస్తున్నారు. మమ్మల్ని చూసి, చోటు చాలదని మాస్టారు బస్సుకు వెళ్ళాడు. ఇద్దరు టీచర్లు భాయ్ పక్కన సర్దుకుని కూర్చున్నారు, ఒళ్ళో టిఫిన్ క్యారియర్లతో సహా. వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఆమె వెనక్కి తిరిగి వాళ్ళతో మాట్లాడుతుంటే ఆ ముఖంలో ఒక వెలుగు కనిపించింది. పసితనం నుంచి పరాయివాళ్ళ చేతుల మీద ఎక్కి దిగిన మనిషి, ఇప్పుడు తన కారులో నలుగురిని ఎక్కించుకుంటోంది.

మా జిల్లాలో సొంత కారంటే ఒక్క మనిషి ఎక్కే కారని, అంత సర్వీసున్న ఇన్‌స్పెక్టరు అనుకున్నాడు చూడండి. మా మేనమామది పెండ్లిమర్రి. ఆయన కారులో ఇంటివాళ్ళ కంటే దారిలో చెయ్యెత్తినవాళ్ళే ఎక్కువగా తిరిగారు. వేరుశనగ బుడ్డల సంచులు, పొట్టేలు పిల్లలు కూడా తిరిగాయి. ఇదంతా తెలిసి కూడా దరఖాస్తులో రాసిన రెండు మాటలు నమ్మాను.

లింగాల దారిలో ఒక పల్లె ముందు స్పీడ్ బ్రేకరు ఉంది. ఏ ఇంజనీరూ చూడనిది, ఊరివాళ్ళే సిమెంటు తెచ్చి కట్టుకున్నది. ఆమె నిదానంగానే ఎక్కించింది. ముందు చక్రాలు దిగాయి, అంతలో కారు పొట్ట కింద గరగరమని చప్పుడైంది. మా కాళ్ళ కిందే ఎవరో రంపం పెట్టినట్టనిపించింది. ఇంకాస్త ముందుకు పోయి మలుపు తిరిగేసరికి వెనక టైరు లోపలి రేకుకు రాసుకుని రబ్బరు వాసన వచ్చింది. ఆమె కారు పక్కకు ఆపింది.

నేనూ భాయ్ దిగి చూశాం. ఈసారికి ఏమీ కాలేదు. కానీ గీత పడిన చోటుకు బ్రేకు గొట్టం వేలెడు దూరంలో ఉంది. ఇలాంటి చోటనే ఒకరోజు ఆ వేలెడు దూరం ఉండదు. సంతకం పెట్టలేనని చెప్పాను. అద్దం దించి వింటున్న ఆమె నా వైపు చూడకుండా, అంటే ఇంక అయిపోయినట్టేనా సార్ అంది. నేను సమాధానం చెప్పేలోపు భాయ్ అందుకున్నాడు.

"బండిది తప్పుగాదు, అమ్మది తప్పుగాదు సార్. బరువు నేను తప్పు పెట్టినా. ల్యాదనే రాయండి. మల్ల జేసి తెస్తా."

ఒక్క మనిషి అని చెప్పింది నేను. ఆ సంగతి ఆయన ఆ రోజు అనలేదు, తర్వాత కూడా ఎవరి ముందూ అనలేదు. నేను కూడా నోరు తెరవలేదు. పరీక్షలో నెగ్గలేదని పుస్తకంలో రాసి, సంతకం పెట్టి, ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం సహించక పడుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను సిగ్గుపడిన రోజులు కొన్ని ఉన్నాయి. వాటన్నిటిలోకీ పెద్దది ఇదే.

తర్వాతి వారం భాయ్ సీట్లన్నీ బండలతో నింపి చూశాడు. వెనకవైపు అదే సెట్టులో వచ్చే గట్టి స్ప్రింగులు వేసి చూశాడు. ఎలా చూసినా, నలుగురు ఎక్కే కారును ఆ రోడ్డు మీద ఒక అంగుళం మించి దించకూడదు. అంగుళమే దించితే ఆమెకు ఇంకా రెండంగుళాల ఎత్తు మిగులుతుంది. సీటునే కిందికి దించుదామంటే, సీటు బోల్టులనూ బెల్టు బిగింపులనూ ముట్టుకోవడానికి నేను ఒప్పుకోలేదు, ఆయనా ఒప్పుకోలేదు. డాక్టరు అడిగింది ఒక అంగుళం తేడా. ఆ మిగిలిన ఒక్క అంగుళం ఎక్కడి నుంచి తేవాలో మా ఇద్దరికీ తోచలేదు.

శనివారం ఆమె షెడ్డుకు వచ్చింది. భాయ్ విషయమంతా చెప్పాడు. అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఒక మనిషి లెక్క వేసింది భాయ్ కాదమ్మా, ఆయన అడిగితే నేనే అలా చెప్పాను, మిమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది అన్నాను. భాయ్ చేతిలో ఉన్న గుడ్డతో తుడిచిన చోటే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. ఆమె నన్ను తిట్టలేదు. క్లాసులో తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"మూడు వారాల నుంచి కారును కొలుస్తాండారు గదా సార్. నా కుర్చీని ఎవురన్నా కొలిసినారా?"

కొలవలేదు. కొలవడం మాట అటుంచి, సరిగా చూడను కూడా లేదు. ఎదుటి మనిషి లోపం వైపు చూడకూడదని మా అమ్మ నాకు నేర్పింది, వాళ్ళమ్మ ఆయనకు నేర్పి ఉంటుంది. అది మంచి పాఠమే. ఆ పాఠం పట్టుకునే ఇద్దరం ఆమె ముఖం చూసి మాట్లాడాం, కారు చూసి మాట్లాడాం, కుర్చీ మాత్రం అక్కడ లేనట్టే నడుచుకున్నాం. లోపం ఆమె కాళ్ళలో ఉంది గానీ కుర్చీలో ఏముంది? అది కూడా నాలుగు చక్రాల బండే. బండ్లు చూడటమే మా ఇద్దరికీ అన్నం పెట్టిన పని.

భాయ్ చేతులు కడుక్కుని వచ్చాడు. చూడొచ్చా తల్లీ అని అడిగాడు. ఆమె కారు సీట్లోకి మారి, కుర్చీ ఆయనకు వదిలేసింది. ఆయన నాపరాయి మీద మోకాళ్ళేసి కూర్చుని, పెద్ద చక్రం పక్కనున్న ఇనుప పలక మీద దుమ్ము తుడిచాడు. ఒకదాని కింద ఒకటి బెజ్జాలు కనిపించాయి. చక్రం పై బెజ్జంలో బిగించి ఉంది. కింది బెజ్జంలోకి మారిస్తే కుర్చీ సరిగ్గా అంగుళం లేస్తుంది. ముందర చిన్న చక్రాల కాడలకూ అలాంటి ఏర్పాటే ఉంది. ఇంకా కింది బెజ్జంలోకి పోవచ్చా అని అడిగాడు. అంత లేస్తే క్లాసులో బల్ల కిందికి నా మోకాళ్ళు దూరవు అంది. ఒక అంగుళంతో ఆపాడు. బ్రేకులు చక్రానికి ఆనేలా సరిచేసి, కుర్చీ వెనక్కి తూలుతుందేమో అని తానే కూర్చుని నాలుగు వైపులా ఊగి చూశాడు. గోడ దగ్గర నుంచి ఒక బండ తెచ్చి దాన్ని కూడా కూర్చోబెట్టాడు.

కారు ఒక అంగుళం దిగింది, కుర్చీ ఒక అంగుళం లేచింది. ఆమె కుర్చీలోకి మారింది, కుర్చీ నుంచి కారులోకి మారింది. ఈసారి ఊపు లేదు, పళ్ళ బిగువు లేదు. ఒక చోటు నుంచి పక్క చోటుకు జరిగినట్టు జరిగింది. మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కింది. మూడోసారి కూడా ఎక్కి, అలాగే కూర్చుని తన భుజాన్ని తానే నిమురుకుంది. భాయ్ చేతులు కడుక్కోవడానికని బయటికి పోయి చాలాసేపు రాలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి కొలత టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను.

రెండో పరీక్ష ఆమె స్కూలు దగ్గరే పెట్టాను. వెళ్ళేటప్పుడు నేను, భాయ్, వెనక సీట్లో ఒక బండ. పల్లె ముందరి స్పీడ్ బ్రేకరు చప్పుడు లేకుండా దాటాం. అది చాలదన్నాను. సాయంత్రం బడి వదిలాక బండ దించేసి, ముగ్గురు టీచర్లనూ ఎక్కించి, ఆమెను బడికి కూతవేటు దూరంలోనే ఉన్న అదే స్పీడ్ బ్రేకరు మీద అటూ ఇటూ ఆరు సార్లు తిప్పించాను. నిదానంగా, కాస్త వేగంగా, ఒక చక్రం గుంతలో పడేలా పక్కగా. భాయ్ రోడ్డు పక్కన దుమ్ములో చెంప ఆనించి పడుకుని, కారు పొట్టకూ సిమెంటుకూ మధ్య ఎంత వెలుతురు ఉందో చూశాడు. దారిన పోయేవాళ్ళు ఎవరికో ఫిట్సు వచ్చిందనుకుని నీళ్ళు తెచ్చారు. మలుపులో టైరు రాసుకోలేదు. గట్టిగా బ్రేకు వేయిస్తే కారు గీత గీసినట్టు నిలబడింది.

కారు బానెట్ మీద కాగితం పెట్టి రిపోర్టు రాశాను. నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు ఎంతో రాశాను. రింగులు కదలకుండా ఎంత బిగించారో, ఎన్నాళ్ళకొకసారి చూపించుకోవాలో రాశాను. కింద ఒక షరతు పెట్టాను, నడిపే మనిషితో కలిపి నలుగురికి మించి ఎక్కకూడదని. సంతకం చేసి ఇచ్చాను. ఆమె లెక్కల టీచరు కదా, మొదటి నుంచి చివరి వరకు ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి చదివింది. చదివి మడిచి బ్యాగులో పెట్టుకుంది. థాంక్స్ చెప్పలేదు. భాయ్ వైపు చూసి తల ఒక్కసారి వంచింది, ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. అంతకంటే పెద్ద సన్మానం నేను ఏ సభలోనూ చూడలేదు.

నేను పుస్తకం సంచిలో పెట్టుకుని కారు తలుపు తీయబోయాను. ముందు సీట్లో సైన్సు మాస్టారు కూర్చుని ఉన్నాడు. వెనక ఇద్దరు టీచర్లు. ఆయన మొహమాటంగా దిగబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీరే రాసినారు గదా సార్, నలుగురే అని."

ఉద్యోగంలో నేను పెట్టిన షరతులు ఎన్నో గాలికి పోయాయి. ఇదొక్కటి మాత్రం సంతకం తడి ఆరకముందే అమలైంది. కారు కదిలింది. మేమిద్దరం రోడ్డు మీద మిగిలాం. ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాం. భాయ్ చొక్కా అంతా దుమ్ము, నా చేతిలో కొలత టేపు. అదృష్టం కొద్దీ వెంటనే లింగాల నుంచి పులివెందుల పోయే పల్లె బస్సు వచ్చింది. కూర్చోవడానికి చోటు లేదు, డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాం.

రెండు ఊళ్ళు దాటాక ముందర నిదానంగా పోతున్న ఆమె కారు కనిపించింది. ఆ ఊరి ముందు ఇంకో స్పీడ్ బ్రేకరు ఉంది, మేము పరీక్షించినదాని కంటే కాస్త ఎత్తు. కండక్టరు టికెట్లు అడుగుతున్నాడు. భాయ్ ఆయన్ను ఒక్క నిమిషం ఆగమని చేత్తో సైగ చేసి, పక్క సీటు వాళ్ళ మీదుగా వంగి కిటికీలోంచి తల బయట పెట్టాడు. కారు ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి. వెనక చక్రాలు ఎక్కాయి, దిగాయి. బ్రేకు లైట్లు ఆరిపోయి కారు ముందుకు సాగిపోయింది. ఆయన తల లోపలికి తీసుకుని, జుట్టులో పడిన దుమ్ము దులుపుకున్నాడు.

"తగల్లేదు సార్," అన్నాడు.